పితకడమా, పిసకడమా?

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర, మా ఆయనది గుడివాడ వైపు, కాపురం బెంగళూరులో. చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో ఒక మాట మీద గొడవ మొదలవుతుంది. ఈసారి తీర్పు మీకే వదిలేస్తున్నాను.

ఆదివారం పొద్దున తోపుడుబండి దగ్గర అనపకాయలు కొన్నాను. ఇక్కడివాళ్లు అవరెకాయి అంటారు. బండాయన గుప్పెడు కాయలు నా ముక్కు దగ్గర పెట్టి ‘సొగడు నోడి’ అన్నాడు. మంచు బాగా పడితేనే కాయకి ఆ వాసన పడుతుందని ఇక్కడి నమ్మకం. (మా అత్తగారి వైపు ఆనపకాయ అంటే సొరకాయ. పెళ్లయిన కొత్తలో ఆ ఒక్క దీర్ఘం ఒక పూట వంటని చెడగొట్టింది, అది ఇంకోసారి చెప్తాను.)

ఒలిచిన గింజలు నానబెట్టి, సాయంత్రం పిల్లలిద్దరికీ స్వెటర్ చేతులు మడిచి గిన్నె ముందు కూర్చోబెట్టాను. పాపకి ఆరేళ్లు, బాబుకి నాలుగు నిండలేదు. గింజని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కితే పప్పు జారి గిన్నెలో పడాలి, తోలు వేళ్లకి మిగలాలి. పాపకి వచ్చేసింది. వాడు నొక్కితే మాత్రం పప్పు ఎగిరి టీవీ వెనక్కి పోతుంది. వాడికి కావలసిందీ అదే. గిన్నెలో కంటే సోఫా కింద ఎక్కువ పప్పు పోగైంది.

అత్తగారు చూసి ‘మెల్లగా పిసకండిరా’ అన్నారు. ‘పిసకడం కాదు నానమ్మా, పితకడం’ అంది పాప. ‘పితకడానికి అదేమన్నా గేదె పొదుగా!’ అని ఆవిడ నవ్వారు.

నా ప్రశ్న అదే. ఇలా తోలు తీసిన పప్పుని మా వైపు పితికిపప్పు అంటాం. ఆ పేరులో ఉన్నది పాలు పితకడంలోని మాటేనా? లేక అత్తగారన్నట్టు ‘పిసికిన పప్పు’ మా సీమలో నోరు తిరిగి అలా అయిందా?

నాకు తోచింది చెప్తాను. పిండితే తడి దిగుతుంది: నిమ్మకాయ, ఉతికిన చీర. పిసికితే వస్తువు రూపమే పోతుంది: బంకమట్టి, బాగా మగ్గిన అరటిపండు. పితికితే లోపలున్నది బయటికొస్తుంది, పైనున్నది అలాగే ఉంటుంది. పొదుగు సంగతి అంతే, అనపగింజ సంగతీ అంతే. తిండి మాటల మధ్య చెప్పకూడదు గానీ, చీము పట్టిన కురుపునీ పితుకుతామనే అంటాం. పప్పు నలిగి ముద్దయితే అప్పుడు పిసికినట్టు. మా వాడు కొన్ని పిసికాడు కూడా.

హోసూరు నుంచి:
అక్కా, మీదే కరెక్టు. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఈ పప్పునే తమిళంలో ‘పిదుక్కు పరుప్పు’ అంటారు. పిదుక్కడం అంటే నొక్కి లోపలిది బయటికి రప్పించడం. మీ సీమ నోరు తిప్పింది ఏమీ లేదు. మీ అత్తగారికి ఇది చూపించకండి.

బసవనగుడి నుంచి:
మా పక్కింటి కన్నడ ఆంటీ ‘హితకిద బేళె’ అంటారు. బేళె అంటే పప్పు, హితకిద అంటే పితికిన. మన మాట మొదట్లో ప ఉన్నచోట కన్నడంలో హ వస్తుంది కదా: పాలు హాలు, పులి హులి, పండు హణ్ణు, పల్లె హళ్ళి. మీరు చెప్పిన మూడు క్రియలకీ అక్కడ జోడీలు ఉన్నాయి: పిండుకి హిండు, పిసుకుకి హిసుకు, పితుకుకి హితుకు. రెండు భాషల్లోనూ మూడూ విడివిడిగా నిలబడ్డాయంటే ఒకటి ఇంకోటిగా మారింది అనడానికి లేదు. ఈ హ కూడా మొదటినుంచీ ఉన్నది కాదు, పాత కన్నడంలో ప అనే పలికేవాళ్లు. హాసన్ జిల్లాలో హల్మిడి అనే ఊళ్లో దొరికిన శాసనం సుమారు 450 నాటిదంటారు. అందులో ఆ ఊరి పేరు పల్మిడి అని ఉంది. ఊరు అదే, పేరు మొదట్లో ప పోయి హ వచ్చింది.

వైట్‌ఫీల్డ్ నుంచి:
మాది భీమవరం. మా ఇంట్లో చిక్కుడు గింజ ఒలవడం వరకే, మళ్లీ దాని తోలు తీసే ఓపిక ఎవరికీ లేదు. జనవరిలో అవరెబేళె మేళాకి వెళ్లి తినొచ్చేస్తాం. దోసెలో వేశారు, బాగుంది. జిలేబీలోనూ వేశారు. దాని గురించి అడక్కండి.

నా జవాబు:
అందరికీ థాంక్స్. బసవనగుడి వారికి మాత్రం ఒక ఫిర్యాదు. ఆ ప, హ సంగతి పాపకి చెప్పడం నా తప్పయింది. నిన్నటినుంచీ ఇంట్లో హప్పు, హుస్తకం, హెన్సిలు. తమ్ముడు ‘హిల్లోడు’. మారతహళ్ళి బోర్డు చూసి ‘మారతపల్లి’ అని బస్సులో గట్టిగా చదివింది. అది మాత్రం తప్పనలేకపోయాను.

బసవనగుడి నుంచి:
హప్పు లేదు గానీ హప్పళ ఉందని చెప్పండి, మన అప్పడమే. పుస్తకాన్ని మాత్రం కన్నడంలో కూడా పుస్తక అనే అంటారు. సంస్కృతం నుంచి వచ్చి పుస్తకాల్లోనే తిరిగిన మాటలు చాలావరకు మారలేదు. జనం నోళ్లలో నలిగినవి మారాయి. పక్షి అలాగే హక్కి అయింది.

నా జవాబు:
హక్కి అని చెప్పగానే బాల్కనీలో పావురాలని పిలవడానికి వెళ్లింది. రాత్రి పితికిపప్పు కూర, రాగి సంగటి. మీ అందరి జవాబులూ అత్తగారికి చదివి వినిపించాను. శాసనం దగ్గర ‘అవునా’ అన్నారు. రెండోసారి కూర వేయించుకుని, ‘ఏమైనా పిసికిన పప్పు రుచే వేరు’ అన్నారు.