షుగర్ మిషన్, గుచ్చే పెన్ను ఎలా శుభ్రం చేయాలి? ఇద్దరు వాడొచ్చా?

కృష్ణలంక_విజయవాడ (ప్రశ్న)

ఇంట్లో అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ షుగర్. షుగర్ చూసే మిషన్ ఒకటే, రక్తం కోసం వేలిని గుచ్చే పెన్నూ ఒకటే. సూది మాత్రం ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు కొత్తది వేసుకుంటారు. మిషన్‌లో స్ట్రిప్ దూర్చే చోట గోధుమ రంగు మరక కట్టింది, ఎండిన రక్తం అనుకుంటా. ఒక్కోసారి స్ట్రిప్ పెట్టినా ఆన్ అవ్వట్లేదు. శానిటైజర్ కొట్టి తుడవొచ్చా? ఇంకో విషయం, నాన్నకి సీసా ఇన్సులిన్, సిరంజితో. అమ్మకి ఇన్సులిన్ పెన్. నాన్న సిరంజి సూదిని వేడినీళ్లలో ముంచి రెండు మూడు రోజులు వాడుతున్నారు. ఇది సరైనదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్_టెక్_ఖమ్మం

మరక కంటికి కనబడుతోంది కాబట్టి మిషన్ గురించి అడిగారు. నన్నడిగితే ముందు చూడాల్సింది గుచ్చే పెన్ను. సూది మార్చినా పెన్ను మూత చివర, సూది బయటికొచ్చే రంధ్రం చుట్టూ రక్తం అంటుతుంది. తర్వాతి మనిషి వేలు ఆనించేది సరిగ్గా అక్కడే. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది, కంటికి కనబడనంత రక్తం చాలు. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ఇలా పంచుకోవడం వల్లే హెపటైటిస్ బి పాకింది. 2010లో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ రెండూ గుచ్చే పెన్ను ఎప్పుడూ ఒక్క మనిషికే అని హెచ్చరించాయి. భార్యాభర్తలు కదా అని మినహాయింపు లేదు. ఇంకో పెన్ను విడిగా దొరుకుతుంది, ఖర్చు కూడా తక్కువే. ఒకదానికి ఎర్ర దారం కట్టేస్తే తారుమారు కావు.

పెన్ను కడగడం: సూది తీసి పారేయండి. మూత ఊడదీసి గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడిగి, రంధ్రాన్ని మెత్తటి పాత పళ్ల బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాకే బిగించండి. స్ప్రింగ్ ఉన్న భాగాన్ని నీళ్లలో ముంచొద్దు, తుప్పు పట్టి దెబ్బ బలం తగ్గుతుంది. అప్పుడు లోతు నంబరు పెంచుకుంటూ పోవడమే మిగులుతుంది. ఆ భాగాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. వారానికోసారి సరిపోతుంది, రక్తం అంటితే మాత్రం వెంటనే.

ఇక మిషన్. శానిటైజర్ కొట్టొద్దు. స్ప్రే ఏదైనా సరే మిషన్ నోట్లోకి, అంటే స్ట్రిప్ దూర్చే సందులోకి పోతుంది. లోపలి సన్నని లోహపు పత్తీల మీద జెల్ పొర కడితే స్ట్రిప్ తగిలినా మిషన్‌కి తెలియదు. స్ట్రిప్ తీసేసి, ఆఫ్ చేసి, నోరు కిందికి ఉండేలా పట్టుకోండి. గుడ్డ ఎంత తడి ఉండాలంటే, గట్టిగా పిండినా చుక్క రాలకూడదు. ముందు సబ్బునీటి గుడ్డతో మరక వదిలించాలి, ఆ తర్వాతే క్రిమిసంహారకం. ఎండిన రక్తం మీద నేరుగా ఏ మందు రాసినా పై పొర దగ్గరే ఆగిపోతుంది.

క్రిమిసంహారకం దగ్గర చాలామంది పొరబడతారు. 70 శాతం స్పిరిట్ రక్తం ద్వారా పాకే వైరస్‌ల మీద పనిచేస్తుందని నమ్మడానికి లేదని ఎఫ్‌డీఏ రాసింది. 10 శాతం బ్లీచ్ ద్రావణం ప్లాస్టిక్‌ని పాడుచేయొచ్చని కూడా అదే చోట ఉంది. కాబట్టి ఒక్కరే వాడే మిషన్‌కి మురికి వదిలితే చాలు. ఇద్దరు వాడక తప్పదంటే, మాన్యువల్‌లో కంపెనీ పేరుపెట్టి చెప్పిన వైప్‌తో (మందులో తడిపిన గుడ్డ) ప్రతి మనిషి తర్వాతా తుడవాలి, అందులో రాసినన్ని నిమిషాలు ఉపరితలం తడిగానే ఉండాలి. ఇంట్లో ఇది రోజూ జరిగే పని కాదు. రెండో మిషన్ కొనడమే సులువు.

ఆన్ అవ్వకపోతే ముందు బ్యాటరీ మార్చి చూడండి, చాలా మోడళ్లలో సీఆర్2032 ఉంటుంది. నోట్లో గుండుసూది, టూత్‌పిక్, ఇయర్‌బడ్ ఏదీ పెట్టొద్దు, పత్తీ వంగితే ఇక బాగవ్వదు. మరక లోపలికి పాకి ఉంటే మిషన్ వెనకున్న కంపెనీ నంబరుకి ఫోన్ చేసి మార్పించుకోండి.

డయాబెటిస్_ఎడ్యుకేటర్_హైదరాబాద్

పైన చెప్పింది సరైనది. రక్తం అక్కడికి ఎలా చేరుతుందో కూడా చెప్పాలి, లేకపోతే కొత్త మిషన్‌కీ అదే గతి. వేలిని స్ట్రిప్ పైకి ఎత్తి చుక్క జారవిడుస్తారు. ఎక్కువైన రక్తం స్ట్రిప్ వెంట పాకి నోట్లోకి దిగుతుంది. ఇప్పటి స్ట్రిప్‌లు చాలావాటికి 1 మైక్రోలీటరు లోపే చాలు, స్ట్రిప్ కొసని చుక్క పక్కకి తాకిస్తే అదే పీల్చుకుంటుంది. మిషన్‌ని స్ట్రిప్ కొస కిందికి వాలేలా పట్టుకోండి.

చేతుల గురించి ఎవరూ అడగరు కానీ తప్పుడు రీడింగుల్లో పెద్ద వాటా వాటిదే. మామిడిపండు తిన్న చేతిలో, బెల్లం ముట్టిన వేలి మీద చక్కెర ఉంటుంది. అంత చిన్న చుక్కలో అది కలిస్తే 130 ఉన్నవాళ్లకి 250 చూపించినా ఆశ్చర్యం లేదు, దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచుకుంటే షుగర్ పడిపోతుంది. స్పిరిట్ దూది ఈ చక్కెరని పూర్తిగా తీయలేదు. సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు గుచ్చాలి. వేలు తడిగా ఉంటే రక్తం పలచబడి రీడింగు తగ్గొచ్చు.

స్ట్రిప్‌లని ఎప్పుడూ తుడవకూడదు. డబ్బా మూత లోపల తేమ పీల్చే పదార్థం ఉంటుంది, అందుకే స్ట్రిప్ తీయగానే మూత టప్పున పడాలి. వేరే డబ్బాలోకి మార్చడం, వంటింటి ఆవిరి దగ్గర పెట్టడం రెండూ వద్దు. తెరిచిన తేదీ డబ్బా మీద రాసుకోండి. తెరిచాక ఎన్నాళ్లు పనికొస్తుందో లేబుల్ మీదే ఉంటుంది.

కృష్ణలంక_విజయవాడ

ధన్యవాదాలండి. తుడిచాక మిషన్ సరిగ్గానే చూపిస్తోందని ఎలా తెలుస్తుంది? ల్యాబ్ రిపోర్టుకీ దీనికీ 10, 15 తేడా వస్తోంది. సిరంజి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

డయాబెటిస్_ఎడ్యుకేటర్_హైదరాబాద్

కంట్రోల్ సొల్యూషన్ అని చిన్న సీసా ఉంటుంది, మీ స్ట్రిప్ కంపెనీదే కొనాలి. ఊపి, మొదటి చుక్క పారబోసి, రెండోది స్ట్రిప్‌కి తాకించండి. వచ్చిన అంకె స్ట్రిప్ డబ్బా మీద రాసిన హద్దుల్లో ఉంటే మిషన్, స్ట్రిప్ రెండూ బాగున్నట్టే. తెరిచాక సాధారణంగా 3 నెలలే వాడాలి. మీరు చెప్పిన తేడా తప్పు కాదు. షుగర్ మిషన్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15197 ప్రకారం 100 లోపు రీడింగుల్లో 15 పాయింట్లు, 100, ఆపైన 15 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు.

మందుల_షాపు_రాజమండ్రి

సిరంజి వేడినీళ్లలో ముంచడం వెంటనే ఆపించండి. అలా ముంచితే క్రిములు చావవు. పైగా సూదిలో మిగిలిన నీళ్లు సీసాలోని ఇన్సులిన్‌లో కలుస్తాయి, గొట్టం మీది గీతలు చెరుగుతాయి. స్పిరిట్‌తో తుడిచినా సూదికున్న సిలికాన్ పూత పోతుంది, గుచ్చితే నొప్పి పెరుగుతుంది. ప్రతిసారీ కొత్తదే సరైన పద్ధతి. డబ్బు ఇబ్బందైతే నెలకి ఎన్ని కొనగలరో డాక్టరుగారికి దాచకుండా చెప్పమనండి. సీసా రబ్బరు మూతని మాత్రం స్పిరిట్ స్వాబ్‌తో తుడిచి ఆరనివ్వాలి.

మీ ఇంట్లో సీసా, పెన్ రెండూ ఉన్నాయి కాబట్టి ఒక జాగ్రత్త. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్ కార్ట్రిడ్జ్, అంటే పెన్ లోపల ఉండే ఇన్సులిన్ గొట్టం, మిల్లీలీటరుకి 100 యూనిట్లు. సీసా అయిపోయిందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 యూనిట్ల గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు.

అమ్మగారి పెన్: సూది బిగించే ముందు రబ్బరు సీలుని స్వాబ్‌తో తుడవాలి. బిగించాక 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వస్తుందో లేదో చూడాలి. ఇన్సులిన్ తీసుకున్నాక సూది తీసేయాలి. అలాగే వదిలేస్తే వేడికి ఇన్సులిన్ కారుతుంది, చల్లబడ్డప్పుడు గాలి లోపలికి పోతుంది. తెల్లగా ఉండే మిక్స్ ఇన్సులిన్‌లో అయితే గాఢత కూడా మారుతుంది. పెన్ బయట తడిగుడ్డతో తుడవండి, కుళాయి కింద కడగొద్దు, నూనె వేయొద్దు. సూది మార్చినా ఇంకొకరు ఆ పెన్ వాడకూడదు, గుచ్చినప్పుడు రక్తం వెనక్కి కార్ట్రిడ్జ్‌లోకి పోవచ్చు.

వాడిన సూదులకి నీళ్ల బాటిల్ పనికిరాదు, గుచ్చుకుని బయటికొస్తాయి. ఫ్లోర్ క్లీనర్ లాంటి మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ముప్పావు నిండగానే మూత బిగించి టేపు చుట్టి, పైన "సూదులు, తెరవొద్దు" అని రాయండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు వీటిని ప్రమాదకర గృహ వ్యర్థాలుగా లెక్కించాయి. తడి చెత్తలోనో పొడి చెత్తలోనో కలపకుండా, చెత్త బండి వచ్చినప్పుడు సూదులని చెప్పి చేతికివ్వండి.

ల్యాబ్_టెక్_ఖమ్మం

ఒకటి మర్చిపోయాం, మిషన్ పెట్టే జిప్ పౌచ్. రక్తం అంటిన స్ట్రిప్‌లు, దూది అన్నీ అందులోనే కుక్కుతారు. మిషన్, స్ట్రిప్‌లు తీసేసి సబ్బునీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే తిరిగి సర్దండి. తడి పౌచ్‌లో పెడితే మిషన్‌కి తేమ పడుతుంది.