ఇంట్లో సినిమాలకి సర్వర్: సైనాలజీ కొనాలా, మినీ పీసీ పెట్టాలా?

గోదారి_గట్టు
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, కింద అమ్మానాన్న, పైన మేము. అక్క పెళ్లి, తాతయ్య షష్టిపూర్తి, ఇంకా బోలెడు వీహెచ్ఎస్ క్యాసెట్లు పోయినేడు డిజిటల్ చేయించాను, వాటితోపాటు నేను కొన్న బ్లూరే డిస్కుల కాపీలు, పిల్లల వీడియోలు అన్నీ కలిపి 5 టీబీ దాకా ఉన్నాయి, మూడు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో. అందులో ఒకటి వారం నుంచి టక్ టక్ అంటోంది, అందుకే ఈ కంగారు. ప్రస్తుతం కింద రూటర్ పక్కన పాత లాప్‌టాప్‌లో జెల్లీఫిన్ (ఇంట్లో వీడియోల్ని టీవీలకి పంపే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టా. కింద టీవీలో అన్నీ బాగా వస్తాయి, పైన టీవీలో మాత్రం 4కె సినిమా పెడితే అయిదు నిమిషాలకోసారి ఆగి గుండ్రంగా తిరుగుతుంది. పైకి గోడలో పైపులోంచి కేబుల్ లాగించి ఇంకో రూటర్ పెట్టా, టీవీకి కూడా అక్కడి నుంచి కేబులే. బడ్జెట్ 45 వేలు. సైనాలజీ డీఎస్224 ప్లస్ (రెండు డిస్కులు పట్టే, ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే స్టోరేజ్ బాక్స్) తీసుకోనా, ఎన్100 అనే ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మినీ పీసీనా? 2.5 గిగ్ (సెకనుకి 2.5 గిగాబిట్ల) నెట్‌వర్క్ స్విచ్ కూడా కొనాలా? న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు కూడా ఇవి చూడాలి.

తీగలపని
అన్నా, మిగతావన్నీ తర్వాత, టక్ టక్ అంటున్న డిస్కులో క్యాసెట్ల ఫైళ్లుంటే ఈ రాత్రికే వేరే డిస్కులోకి ఎక్కించెయ్. సినిమా మళ్లీ దొరుకుతుంది, తాతయ్య షష్టిపూర్తి దొరకదు.

ఇక ఆగడం గురించి. కొత్త బాక్స్ కొన్నా నీ పైన టీవీ ఇలాగే ఆగుతుందని నా అనుమానం. చాలా స్మార్ట్ టీవీల్లో, ఖరీదైన వాటిల్లో కూడా, కేబుల్ పోర్టు సెకనుకి 100 మెగాబిట్లు, అంటే 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. బ్లూరే 4కె కాపీ సగటున 60, 70 లాగినా ఫైట్ సీన్లలో వంద దాటుతుంది, అక్కడే ఆగిపోతుంది. రెండోది, గోడలో కేబుల్. గిగాబిట్‌కి, అంటే 1000 స్పీడుకి, ఎనిమిది తీగలూ కావాలి, 100కి ఆరంజ్, గ్రీన్ జంటలు నాలుగు తీగలు చాలు. కాబట్టి బ్రౌనో నీలమో ఒకటి ఊడినా కనెక్షన్ పోదు, చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. రూటర్ పేజీలో ఆ పోర్టు దగ్గర 100 అని ఉందో 1000 అని ఉందో చూడు. కేబుల్ మీద సీసీఏ అని రాసుంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం, నేనైతే అది మార్చేస్తా. కరెంటు వైర్ల పైపులోనే లాగించి ఉంటే మాత్రం వేరే పైపు వేయించు.

2.5 గిగ్ అక్కర్లేదు. మూడు టీవీల్లో ఒకేసారి 4కె నడిచినా గిగాబిట్‌లో సగం కూడా నిండదు.

మీడియా_మామ
తీగలపని తమ్ముడు చెప్పింది కరెక్ట్. ఇంకోటి చూడండి, సినిమా ఆడుతున్నప్పుడు జెల్లీఫిన్ డ్యాష్‌బోర్డ్‌లో డైరెక్ట్ ప్లే (ఫైల్ ఉన్నది ఉన్నట్టే పంపడం) అని ఉందా, ట్రాన్స్‌కోడ్ (సర్వర్ వీడియోని మార్చి పంపడం) అని ఉందా. బ్లూరేలో సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. టీవీకి అవి చూపించడం రాకపోతే సర్వర్ వాటిని ప్రతి ఫ్రేము మీద అద్ది మొత్తం వీడియోని మళ్లీ తయారుచేయాలి, పాత లాప్‌టాప్ వల్ల అయ్యే పని కాదు. సబ్‌టైటిల్స్ అక్షరాలుగా ఉండే ఎస్ఆర్‌టీ ఫైల్ పెడితే చాలాసార్లు ఆ బాధ ఉండదు.

బాక్స్ విషయంలో నా ఓటు ఎన్100కే. డీఎస్224 ప్లస్ 2023లో వచ్చినా లోపల ఉన్న జె4125 ప్రాసెసర్ 2019ది, ఏవీ1 అనే కొత్త రకం వీడియో హార్డ్‌వేర్‌లో తెరవలేదు, ఎన్100 తెరుస్తుంది. పైగా సైనాలజీ వాళ్ల సొంత వీడియో యాప్ అయిన వీడియో స్టేషన్‌ని 2024లో తీసేశారు, కాబట్టి అక్కడా మీరు జెల్లీఫినో, అలాంటిదే అయిన ప్లెక్సో పెట్టుకోవాల్సిందే. ప్లెక్స్‌లో హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కి డబ్బు కట్టాలి, జెల్లీఫిన్‌లో ఉచితం.

కొత్తపేట_అక్క
మామగారితో నాకు ఒక్క దగ్గర పేచీ. మినీ పీసీలో పెద్ద డిస్కులు రెండు పట్టవు, మళ్లీ యూఎస్‌బీ డబ్బాల్లో వేలాడదీస్తారు, ఇప్పుడున్న అవస్థ అదేగా. మా ఇంట్లో ఫొటోలు, వీడియోలు రెండు డిస్కుల సైనాలజీలో ఉన్నాయి, మా అమ్మ ఫోన్లోంచి తనే చూసుకుంటుంది, నన్ను పిలవదు. టీవీలు డైరెక్ట్ ప్లే చేస్తుంటే ప్రాసెసర్‌తో పనే లేదు. డిస్కులు మాత్రం సీఎంఆర్‌వే (డేటా గీతలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కకుండా రాసేవి) కొనండి, ఐరన్‌వోల్ఫ్ గానీ డబ్ల్యూడీ రెడ్ ప్లస్ గానీ. ఉత్త రెడ్ పేరుతో ఉన్న 2 నుంచి 6 టీబీ వాటిల్లో ఎస్ఎంఆర్ (గీతలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కించి రాసే పద్ధతి) ఉంది, డిస్కు మార్చి మళ్లీ నింపేటప్పుడు చుక్కలు చూపిస్తుంది. రెండు డిస్కుల్లోనూ అదే డేటా ఉంది కదా అని బ్యాకప్ అనుకోకండి, ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. పెళ్లి వీడియోల కాపీ ఇంకో డిస్కులో వేసి అక్కగారింట్లో ఉంచండి. మనవైపు కరెంటు కోతలకి యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ కూడా పెట్టండి, కరెంటు పోతే బాక్స్ తనంతట తనే సరిగ్గా ఆగుతుంది. 20 వాట్లు రోజంతా నడిస్తే నెలకి 14, 15 యూనిట్లు.

న్యూజెర్సీ తమ్ముడి కోసం రూటర్‌లో పోర్టులు తెరవకండి, టెయిల్‌స్కేల్ (బయటి నుంచి మీ బాక్స్‌కి ప్రైవేటు దారి వేసే వీపీఎన్ యాప్) చాలు. మీ ప్లాన్‌లో అప్‌లోడ్ స్పీడ్ ఎంతుందో చూసుకోండి, అతనికి అంతకంటే ఎక్కువ రాదు.

గోదారి_గట్టు
అందరికీ చాలా థాంక్స్. ముందు క్యాసెట్ల ఫైళ్లు కాపీ చేశా, 212లో రెండు తప్ప అన్నీ వచ్చాయి, ఆ రెండిటికీ క్యాసెట్లు ఇంకా ఉన్నాయి.

రూటర్‌లో చూస్తే పై పోర్టు 100! గోడ పెట్టె విప్పితే బ్రౌన్ తీగ గాడిలోంచి బయటికొచ్చి ఊరికే ఆనుకుని ఉంది. మళ్లీ నొక్కి కూర్చోబెట్టగానే 1000 వచ్చింది. అయినా సినిమా ఆగింది. ఇక మిగిలింది తీగలపని అన్న టీవీ పోర్టే అనిపించి, టీవీకి ఉన్న కేబుల్ పీకేసి పై రూటర్ 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపా, రాత్రి రెండున్నర గంటల సినిమా ఒక్కసారి కూడా ఆగలేదు. సబ్‌టైటిల్స్‌కి ఎస్ఆర్‌టీ పెట్టా, డైరెక్ట్ ప్లే అనే చూపిస్తోంది.

అందుకని కొత్తపేట అక్క చెప్పినట్టు డీఎస్224 ప్లస్, 8 టీబీ ఐరన్‌వోల్ఫ్‌లు రెండు చూస్తున్నా. బడ్జెట్ దాటితే ఇప్పటికి ఒక డిస్కుతో మొదలుపెట్టి, రెండోది తర్వాత కలిపితే డేటా పోకుండా అద్దంలా రెండిట్లోకీ వస్తుందా? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

కొత్తపేట_అక్క
వస్తుంది. మొదట్లోనే ఎస్‌హెచ్ఆర్ (డిస్కుల్ని కలిపే సైనాలజీ సొంత పద్ధతి) ఎంచుకోండి, రెండోది అంతే సైజుదో పెద్దదో పెట్టండి. కలిపేదాకా అక్కగారింటి కాపీ మాత్రం ఆపకండి.