ఓక్ రిడ్జ్ గుట్ట మీది చర్చి జనానిదా, సైన్యానిదా?

పాలపిట్ట:
వేరే చర్చలో నాగలి గారు "యుద్ధమొస్తే చర్చి ప్రభుత్వానికి తోక అయిపోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనొప్పుకోను. టెనెస్సీలోని ఓక్ రిడ్జ్ సంగతే చూడండి. 1942 దాకా అవి పొలాలు, చిన్న చిన్న పల్లెలు. అణుబాంబుకు యురేనియం తయారు చేయడానికి సైన్యం అక్కడ కంచె వేసి ఏకంగా ఒక ఊరే కట్టింది. 1945 నాటికి జనాభా 75,000. బ్యాడ్జీ లేనిదే గేటు దాటడానికి లేదు. ఎక్కడ చూసినా బురద. తాము చేస్తున్నదేమిటో చాలామందికి తెలియదు, తెలిసినవాడు పెళ్లానికి కూడా చెప్పకూడదు. అటువంటి చోట 1943లో గుట్ట మీద తెల్లటి చెక్క చర్చి లేచింది. చాపెల్ ఆన్ ది హిల్ అంటారు. క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, యూదులు ముగ్గురూ వంతులవారీగా అందులోనే ఆరాధన చేసుకున్నారు. చోటు చాలని సంఘాలు సినిమా హాళ్లలో, బడుల్లో కూడాయి. పక్కింటివాడితో కూడా పని గురించి మాట్లాడలేని ఊళ్లో మనిషికి మనిషిని కలిపింది చర్చే. ఇందులో తోక ఎక్కడుంది?

నాగలి:
కట్టిందెవరండీ? సైన్యం. స్థలం ఎవరిది? సైన్యం లాక్కున్నది. వీట్ అనే పల్లె పేరు మీ పోస్టులో లేదేం? స్కార్‌బరో, రాబర్ట్స్‌విల్, ఎల్జా కూడా లేవు. దాదాపు 3,000 మందిని ఖాళీ చేయించారు. కొందరికి ఇచ్చిన గడువు రెండు మూడు వారాలే. వీట్‌లో 1901లో కట్టిన జార్జ్ జోన్స్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి ఉంది. ఇప్పుడు ఆ ఊరి నుంచి మిగిలిన కట్టడం అదొక్కటే. ఉన్న సంఘాన్ని లేపేసి, వచ్చినవాళ్లకు కొత్త చర్చి కట్టిచ్చి, దాన్ని ఐక్యత అంటున్నారు మీరు.

రాత్రిషిఫ్టు:
మా ఇంటికి అరగంట దూరం. గుట్ట మీది చర్చిలో ఇప్పటికీ ఆదివారం ఆరాధన జరుగుతుంది. పెళ్లిళ్లు కూడా చేస్తారు.

పాలపిట్ట:
కట్టినవాడిదే చర్చి అయితే మన దగ్గర మిషనరీలు కట్టినవీ, జమీందార్లు స్థలమిచ్చినవీ అన్నీ వాళ్లవేనా? ఆ ఊళ్లో ఇల్లు, కొట్టు, బడి, బస్సు అన్నీ ప్రభుత్వానివే. చర్చి ఒక్కటే ఆకాశంలోంచి ఊడిపడాలా? మూడు షిఫ్టులు నడిచే ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల, తల్లిదండ్రులకు ఉత్తరంలో కూడా ఏమీ రాయలేని పిల్ల, ఇంకెక్కడికి వెళ్తుంది?

నాగలి:
నేను అడిగింది స్థలం సంగతి. మీరు ఆ పిల్ల కథ చెబుతున్నారు.

చదువరి:
మూడు మతాలకూ ఒకే కప్పు అన్నారు, బాగుంది. మరి నల్లజాతి కార్మికుల మాటేమిటి? వాళ్లకిచ్చినవి 16 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ప్లైవుడ్ గుడిసెలు, మధ్యలో బొగ్గు పొయ్యి, కిటికీలకు అద్దాలు లేవు. మొగుడూ పెళ్లాం ఒకే ఊళ్లో పనిచేస్తూ కూడా వేరు వేరుగా ఉండాల్సి వచ్చింది. ఆడవాళ్ల గుడిసెల చుట్టూ కంచె. యుద్ధం అయ్యేదాకా వాళ్ల పిల్లలకు అక్కడ బడే లేదు. గుట్ట మీది నుంచి ఇది కనబడదా?

పాలపిట్ట:
చదువరి గారూ, ఆ రోజుల్లో టెనెస్సీ అంతటా నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరు వేరుగానే ఉంచేవారు. చర్చి పెట్టిన రూలు కాదు. ఇక తోక విషయానికొస్తే, 1945 ఆగస్టు 9న అమెరికా ప్రొటెస్టెంటు చర్చిల ఫెడరల్ కౌన్సిల్ నుంచి శామ్యూల్ కవర్ట్ అధ్యక్షుడు ట్రూమన్‌కు టెలిగ్రాం కొట్టాడు, బాంబు వాడటం మీద ఆందోళన చెబుతూ. మృగంతో పని పడ్డప్పుడు దాన్ని మృగంగానే చూడాలని ట్రూమన్ జవాబిచ్చాడు. 1946లో అదే కౌన్సిల్ వేసిన కమిషన్ హిరోషిమా, నాగసాకి మీద దాడులను నైతికంగా సమర్థించలేమని రాసింది. యుద్ధం గెలిచిన దేశంలో కూర్చుని ఆ మాట రాయడం తేలికా?

నాగలి:
టెలిగ్రాం కొట్టిన తేదీ మీరే చెప్పారు. నాగసాకి మీద వేసిన రోజు. అంతకుముందే పసిఫిక్ సముద్రంలోని టినియన్ దీవిలో హిరోషిమా విమానం బయల్దేరేటప్పుడు లూథరన్ చాప్లిన్, అంటే సైన్యంలోని పాస్టరు, నిలబడి సిబ్బంది కోసం ప్రార్థన చేశాడు. ముందు ప్రార్థన, తర్వాత ఆందోళన.

రాత్రిషిఫ్టు:
అదే దీవిలో ఉన్న క్యాథలిక్ చాప్లిన్ జబెల్కా తర్వాత పశ్చాత్తాపపడి, శాంతి ఉద్యమంలోకి వెళ్లాడు. అది కూడా చెప్పాలి కదా.

పాలపిట్ట:
అవన్నీ ఆయనకు అక్కర్లేదండీ. నాగలి గారూ, మీకు చర్చి అంటేనే పడదు. సూటిగా చెప్పేస్తే నేనూ ఇంత టైపు చేయక్కర్లేదు.

నాగలి:
పడకపోవడమా? నాకు బాప్తిస్మం ఇచ్చిన చర్చి ఇప్పుడు రిజర్వాయర్ అడుగున ఉంది. సర్వే వాళ్లు వచ్చినప్పుడు మా నాన్న, ఇంకో నలుగురు టేపు పట్టనివ్వలేదు. ఆ వచ్చే ఆదివారం పాస్టరు గారు రోమా పత్రిక 13వ అధ్యాయం తీసి, అధికారులకు లోబడమని గంటసేపు ప్రసంగం చేశారు. పేరెత్తలేదు. సంఘమంతా తలలు తిప్పి మా బెంచీ వైపు చూసింది. కొత్త కాలనీలో ఆయన స్థలం రోడ్డు పక్కన వచ్చింది. బెంచీలు, గంట లారీలో తెచ్చుకున్నాం. మా నాయనమ్మ సమాధి తెచ్చుకోలేకపోయాం. అందుకే వీట్ వాళ్ల గురించి అడుగుతున్నా. ఆ రోజు వాళ్ల తరఫున ఎవరు మాట్లాడారు?

పాలపిట్ట:
ఇదా సంగతి. అయితే నాది కూడా వినండి. మా నాన్నగారు అలాంటి ముంపు ఊళ్లోనే పాస్టరు. మీ ఊరు కాదు. చదువురాని విధవరాళ్లకు పరిహారం ఫారాలు నింపి, వేలిముద్రలు వేయించి, మండలాఫీసు మెట్ల మీద పొద్దుగూకేదాకా కూర్చునేవారు. ఊళ్లో కొందరు ఆయన్ని "ప్రభుత్వం మనిషి" అన్నారు. ఆయన పోయేదాకా ఆ మాట పోలేదు. ఆర్డరు వచ్చాక ఆగదని ఆయనకు తెలుసు. ఆగని దానికి అడ్డం పడి జనాన్ని కేసుల్లో ఇరికించాలా, ఉన్నంతలో చేతికొచ్చేది ఇప్పించాలా?

నాగలి:
ఫారాలు నింపడానికి వీఆర్వో చాలు. పాస్టరెందుకు?

పాలపిట్ట:
వీఆర్వో అర్ధరాత్రి చావింటికి వస్తాడా?

చర్చానిర్వాహకుడు:
తండ్రుల జోలికి వెళ్లకుండా మాట్లాడుకోండి. ఇంకోసారి ఇలా అయితే చర్చకు తాళం వేస్తాను.

నాగలి:
నేను ఆయన తండ్రినేమీ అనలేదు. ఆగదని తెలిసినా సరే ఒక మనిషి వచ్చి "ఇది అన్యాయం" అని పైకి అనాలి. ఫారాలు ఆ తర్వాత. మా పాస్టరు గారు ఆ ఒక్క మాట అని, మర్నాడు ఫారాలు నింపి ఉంటే మా నాన్న చర్చి మానేసేవాడు కాదు.

పాలపిట్ట:
ఆ మాట అన్న మర్నాడు ఆఫీసులో ఆయన ఫారాలు ఎవరు తీసుకుంటారు? మీరు ఇప్పటికీ అది చెప్పడం లేదు.

రాత్రిషిఫ్టు:
కాస్త వేరే విషయం. జపాన్‌లోని క్యోటోలో పోత పోయించిన స్నేహ గంటను 1990లలో ఓక్ రిడ్జ్‌లో పెడితే, అది బౌద్ధుల చిహ్నం, ప్రభుత్వ స్థలంలో ఉండకూడదని ఒకాయన కేసు వేశాడు. 2000లో అప్పీలు కోర్టు నగరం వైపే తీర్పిచ్చింది.

చదువరి:
నేనడిగిన గుడిసెల సంగతికి "రూలు చర్చిది కాదు" అన్నారంతే. రూలు ఎవరిదని నేను అడగలేదు.