కోబ్రా నకలు కారుకి మొదట మార్చాల్సింది చక్రాలా, రేడియేటరా?

పెన్నాగట్టు: అన్నలందరికీ నమస్కారం, నెల్లూరు నుంచి. నాకాడ కోబ్రా అనే పాత కాలం స్పోర్ట్స్ కారుకి నకలు కారు ఉండాది, ఫైబర్ బాడీ, లోపల పాత కాంటెస్సా 1.8 పెట్రోలు ఇంజను. మొన్న రోహిణి కార్తెలో మినీ బైపాస్ కాడ నిదానంగా పోతా ఉంటే అరగంటకే ముల్లు ఎర్ర గీత దాటింది, రేడియేటర్ క్యాప్ కాడ బుసబుసా ఆవిరి. అదే కారు హైవే ఎక్కితే ఏ గోలా లేదు. చేతిలో 60 వేలుండాయి. 17 అంగుళాల అల్లాయ్‌లు వేద్దామని తమ్ముడు, రేడియేటర్ పెద్దది వేద్దామని నేను. ఏది ముందు?

ఒంగోలు_స్పానర్: రెండూ కాదు. హైవేలో చల్లగా ఉండి నిదానంగా పోతే కాగుతుందంటే రేడియేటర్ చాలక కాదు, దాంట్లోంచి గాలి పోక. వేగంలో గాలి దానంతటదే తోసుకొస్తది, నిలబడితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఫ్యాన్ రేడియేటర్ వెనక పెట్టి లాగేట్టు చూడు, చుట్టూ ష్రౌడ్, అంటే గాలి పక్కలకి పోకుండా తొడుగు, కట్టించు, లేకపోతే రెక్కలకి ఎదురుగా ఉన్న గుండ్రం మేరే గాలి లాగుద్ది, మూలలన్నీ ఊరికే ఉంటాయి. ఈ ఫైబర్ బాడీల్లో ముందు నోటికీ రేడియేటర్‌కీ మధ్య జానెడు సందు వదిలేస్తారు, అల్యూమినియం రేకు, రబ్బరు పెట్టి మూసెయ్. థర్మోస్టాట్, అదే ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనీకుండా ఆపే కవాటం, ఉందా?

కావలి_మెకానిక్: థర్మోస్టాట్ ఉంటే పీకి పారెయ్ అబ్బయ్యా, మన ఎండలకి అదెందుకు?

ఒంగోలు_స్పానర్: పీకొద్దు. అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటది, పూర్తిగా తెరుచుకున్నాక నీళ్లకి పెద్ద అడ్డమేం కాదు. తీసేస్తే ఇంజను వేడెక్కడానికి ఆలస్యం, పెట్రోలు ఎక్కువ తాగుద్ది, ఆయిల్‌లో చెమ్మ చేరుద్ది.

మైపాడు_గాలి: బోరు నీళ్లు పోసుంటే మాత్రం ముందు రేడియేటర్ విప్పించి చూసుకో, లోపల సున్నం పేరుకోనుంటుంది.

కావలి_మెకానిక్: స్పానరన్నా, నీ పుస్తకం మాటలు నాకొద్దు. 2016లో మా అక్క పెళ్లికి పోతా ఉంటే సింగరాయకొండ దాటినాక నా బండి థర్మోస్టాట్ మూసుకోని ఇరుక్కుంది, హెడ్ గాస్కెట్ (ఇంజను తల కింద ఉండే సీలు) పోయింది, తాళి కట్టే టయానికి రోడ్డు మీద ఉండా. ఆ రోజు నుంచి ఏ బండిలో కనపడినా పీకేస్తా ఉండా.

ఒంగోలు_స్పానర్: పాతది ఇరుక్కుంటే కొత్తది వేయాలి గానీ తీసేయటమేంది? వేడి నీళ్ల గిన్నెలో వేస్తే తెరుచుకుంటుందో లేదో కళ్లతోనే కనపడుద్ది.

కావలి_మెకానిక్: పెళ్లి నువ్వు తెస్తావా తిరిగి?

చీమకుర్తి_చక్రం: మీరిద్దరూ నీళ్ల కాడే ఆగిపోయారు, చక్రాల సంగతి అడిగాడు ఆ అబ్బాయి. 1962లో కారొల్ షెల్బీ ఇంగ్లండు ఏసీ ఏస్ బాడీలో ఫోర్డ్ వీ8 పెట్టి ఆ కారు చేసినప్పుడు వేసింది 15 అంగుళాల స్పోక్ చక్రాలు, మధ్యలో ఒకే నట్టు. ఆ లావు టైరే దాని అందం. నకలైనా సరే, 17 వేస్తే ఇంక కోబ్రా ఎక్కడుంటది?

ఒంగోలు_స్పానర్: లెక్క చెప్తా. 15 అంగుళాల రిమ్‌కి 195/60 ఆర్15 సైజు టైరు ఎత్తు 615 మిల్లీమీటర్లు, 17 రిమ్‌కి 205/45 ఆర్17 ఎత్తు 616. స్పీడు మీటరుకి తేడా రాదు. కానీ టైరు పక్క గోడ 117 నుంచి 92కి తగ్గుద్ది, గుంతలో పడితే దెబ్బ రిమ్‌కే. చల్లదనానికి ఒరిగేది ఏమీ లేదు. పెన్నాగట్టూ, ఒకటి అడుగుతా, అరగంట పాటు నిదానంగా పోయే ట్రాఫిక్ మినీ బైపాస్‌లో యాడుంది? నువ్వేదో దాస్తున్నావు.

పెన్నాగట్టు: దాచి లాభం లేదులే అన్నా. పెళ్లి ఊరేగింపు. తమ్ముడు కిరాయికి ఇస్తా ఉండాడు, పెళ్లికొడుకుని కూర్చోబెట్టి బ్యాండు వెనకాల అడుగులో అడుగేస్తా రెండు గంటలు. 17 చక్రాలు ఫోటోల్లో మెరుస్తాయంట.

చీమకుర్తి_చక్రం: రోడ్డు మీద ఉరకాల్సిన కారుని పూలదండలేసి బ్యాండు వెనకాల నడిపిస్తారా? ఇది విని నా మనసు విరిగిపోయింది. అమ్మెయ్, నడిపేవాడు కొనుక్కుంటాడు.

కొత్తపట్నం_కుర్రోడు: తెల్ల బోర్డు బండి కిరాయికి తిప్పితే పర్మిట్ ఏదని ఆపుతారు, జాగ్రత్త.

పెన్నాగట్టు: చక్రం అన్నా, నువ్వట్లా మాట్లాడబాక. ఆ కారు మా నాయన సరదా పడి చేయించింది. రెండేళ్ల నాడు రొయ్యల చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలి తమ్ముడు నిలువునా మునిగినాడు, ఆ కారు మీద వచ్చే డబ్బుతోనే వాడి పిల్లోడి ఫీజు కడతా ఉండాడు. నాకూ హైవేలో తోలాలనే ఉండాది. వాడికి అది తిండి, నాకు అది నాయన. చక్రాలు, రేడియేటర్ అని ఇంట్లో మేం కొట్టుకునేది దీని గురించే.

కావలి_మెకానిక్: ఈ మాట ముందే చెప్పాల్సింది అబ్బయ్యా. పర్మిట్ సంగతి చూసుకోండి. చక్రాలు ఇప్పుడొద్దు, బండి నడివీధిలో కాగితే ఆ పెళ్లోళ్లు మళ్లీ పిలవరు.

ఒంగోలు_స్పానర్: ఊరేగింపు పనికైతే ఇంకోటి చూడు. ఇంజను ఐడిల్‌లో నిదానంగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించేది) తక్కువ కరెంటు ఇస్తది, ఫ్యాన్‌కి కావాల్సింది సరిగ్గా అప్పుడే. ఫ్యాన్‌కి విడిగా రిలే (ఎక్కువ కరెంటుని తట్టుకునే స్విచ్చి), లావు వైరు, ఫ్యూజు వేయించు. క్యాప్ కూడా కొత్తది వేయి, 0.9 బార్ క్యాప్ సరిగ్గా పట్టుకుంటే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. సీరియల్ లైట్లు యాడ కట్టారు?

పెన్నాగట్టు: కారు బ్యాటరీకే అన్నా. పాటల బాక్సు కూడా.

ఒంగోలు_స్పానర్: అవి ముందు విప్పించు. వేరే బ్యాటరీ డిక్కీలో పెట్టుకోమను.

పెన్నాగట్టు: తమ్ముడు పక్కనే కూర్చోని చదువుతా ఉండాడు. శుక్రవారం వెంకటాచలంలో పెళ్లుంది, ఈలోపు ఫ్యాన్, ష్రౌడ్ అయిపోవాలంటాడు. థర్మోస్టాట్ గిన్నెలో వేసి చూసి చెప్తా.