అప్‌డేట్: టొరంటోలో సోషల్ జస్టిస్ ఎడ్యుకేషన్ ఎం.ఎడ్. చేస్తే టీచర్ లైసెన్స్ వస్తుందా?

ఇంతకుముందు ఇక్కడే అడిగాను కదా, గుంటూరులో బీఎడ్ చేసి టీచర్‌గా పనిచేసి కెనడా వచ్చాను, టొరంటో యూనివర్సిటీ వాళ్ల ఎడ్యుకేషన్ ఇన్‌స్టిట్యూట్ ఓయిస్‌లో సోషల్ జస్టిస్ ఎడ్యుకేషన్ చేస్తే ఇక్కడి స్కూళ్లలో ఉద్యోగానికి పనికొస్తుందా అని. రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి.

తేలిందేంటంటే రెండూ వేర్వేరు దారులు. ఎం.ఎడ్. చేసినంత మాత్రాన లైసెన్స్ రాదు, ఒంటారియో పబ్లిక్ స్కూల్లో చెప్పాలంటే టీచర్లకు లైసెన్స్ ఇచ్చే సంస్థ ఒంటారియో కాలేజ్ ఆఫ్ టీచర్స్ (ఓసీటీ) సర్టిఫికెట్ ఉండాలి, వాళ్లు మన బీఎడ్‌ని విడిగా చూస్తారు. ఒక కన్సల్టెన్సీ ఆయన మాత్రం లైసెన్స్ గ్యారంటీ అని ఊదరగొట్టాడు, నమ్మకండి. అడ్మిషన్స్ ఆఫీస్‌కి నేరుగా మెయిల్ పెట్టమన్న సలహానే పనిచేసింది.

ఎంఏనా ఎం.ఎడ్.నా అన్నదానికి, థీసిస్ రాసి తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఎంఏ, నాలాగా కోర్సులు చదివి క్లాస్‌రూమ్‌కి వెళ్లిపోవాలంటే ఎం.ఎడ్., పార్ట్ టైమ్ కూడా చేసుకోవచ్చు. జీఆర్ఈ గురించి అంత చర్చించాం గానీ దాని అవసరమే పడలేదు.

అప్లికేషన్‌తో ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఏం రాయాలో తెలియక చాలా కొట్టుకున్నాను, చివరికి మన స్కూళ్లలో కులం ఎలా పనిచేస్తుందో చూసిందే రాశాను, 2023 మార్చిలో టొరంటో స్కూల్ బోర్డు కుల వివక్ష మీద మోషన్ పాస్ చేసింది కాబట్టి ఇక్కడ దాని గురించి మాట్లాడొచ్చు. సీటొచ్చింది. ఓసీటీ అప్లికేషన్ పక్కన నడుస్తోంది, మీరు అప్లై చేసేటట్టయితే ఇండియా నుంచి ట్రాన్‌స్క్రిప్ట్స్ పని ముందే మొదలెట్టండి.