2.4 లక్షలు కట్టి ఫారిన్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎక్స్చేంజ్‌కి వెళ్లొచ్చా?

బెజవాడ_మెకానికల్:
అందరికీ నమస్తే. థర్డ్ ఇయర్ బీటెక్. మా కాలేజీకి ఒక కన్సల్టెన్సీ వాళ్లొచ్చి యూరప్‌లో రెండు వారాలు, స్టార్టప్‌లు చూపిస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం, 2.4 లక్షలు అన్నారు. నాన్న అప్పు తెస్తానంటున్నారు, నాకేమో మనసొప్పట్లేదు. ఎరాస్మస్ ఫర్ యంగ్ ఎంట్రప్రెన్యూర్స్ అని ఒకటుందంట, డబ్బులు వాళ్లే ఇస్తారంట, మనం అప్లై చేయొచ్చా?

పాత_సీనియర్:
తమ్ముడూ, ఎవరి దగ్గర ఎన్ని రోజులు పని చేస్తావో బ్రోచర్‌లో రాసుందా? లేకపోతే అది టూరే. నాలుగు ఆఫీసుల ముందు ఫోటోలు దిగొస్తావు.

మ్యూనిక్_ఆవకాయ:
నువ్వన్న ఎరాస్మస్‌లో నేను వెళ్లా. 2009 నుంచి ఉంది, వేరే దేశంలో ఉన్న వ్యాపారి పక్కన ఒకటి నుంచి ఆరు నెలలు ఉండి పని నేర్చుకోవాలి, ఖర్చులకి కొంత ఇస్తారు. కాకపోతే ఆ స్కీమ్‌లో ఉన్న దేశాల్లో స్థిర నివాసం ఉండాలి, బిజినెస్ ప్లాన్ చూపించాలి, కాబట్టి ఇండియా నుంచి కుదరదు. నాది పచ్చళ్ల వ్యాపారం, ఇటలీలో జామ్‌లు చేసే ఆవిడ దగ్గర మూడు నెలలున్నా. మొదటిరోజే నా ఆవకాయ సీసా తిప్పి చూసి ఆవాలెక్కడ అంది. రాశాను, మామూలు అక్షరాల్లో! ఈయూలో 14 రకాల అలర్జీ పదార్థాలు లేబుల్ మీద కొట్టొచ్చినట్టు కనపడాలి, ఆవాలూ నువ్వులూ వేరుశనగా మూడూ అందులోవే, ఇక మన పచ్చళ్లలో మిగిలిందేంటి చెప్పు. 300 లేబుళ్లు చెత్తబుట్టలోకి. ఆ తర్వాత సీసా, మూత, లేబుల్, అది అతికించడానికి పట్టే నిమిషాలతో సహా లెక్కేయించింది, తీరా చూస్తే సీసాకి నేనే ఎదురు పెట్టుకుంటున్నా 😅

బెజవాడ_మెకానికల్:
అయితే నాకు రాదన్నమాట. మరి నాలాంటోళ్లకి?

టార్టు_తెలుగోడు:
మీ కాలేజీకి యూరప్ యూనివర్సిటీ దేనితోనైనా ఎరాస్మస్ ప్లస్ (నువ్వన్నది కాదు, ఇది స్టూడెంట్లని ఎక్స్చేంజ్‌కి పంపే ఈయూ స్కీమ్) ఒప్పందం ఉందేమో ముందు కనుక్కో. ఉండి సెలెక్టయితే అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, గ్రాంట్ కూడా ఇస్తారు, సెమిస్టర్ చేసి రావచ్చు, అక్కడ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సబ్జెక్ట్ ఉంటే తీసుకో. వెళ్లేముందే ఆ క్రెడిట్స్ మీ కాలేజీలో కలుపుతారని రాయించుకో, నోటిమాట నమ్మకు. సింగపూర్ ఎన్‌యూఎస్ యూనివర్సిటీలో స్టార్టప్‌ల్లో పని చేస్తూ చదివే ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అది వాళ్ల స్టూడెంట్లకే.

బెజవాడ_మెకానికల్:
థాంక్స్ అన్నా. నాన్నకి ఫోన్ చేసి అప్పు వద్దని చెప్పేశా, రేపు కాలేజీలో అడుగుతా. అక్కా, ఇంతకీ ఇప్పుడు సీసా ఎంతకి అమ్ముతున్నావ్?