అప్‌డేట్: జీతం లేని ఇంటర్న్‌షిప్ మానేస్తున్నాను

జీతం లేని ఇంటర్న్‌షిప్ మధ్యలో వదిలేయాలా, సర్టిఫికెట్ కోసం చివరిదాకా లాగాలా అని అడిగాను కదా. మానేస్తున్నాను. ఇదే అయోమయంలో ఉన్నవాళ్లకి అక్కరకొస్తుందని, పనికొచ్చినవి రాస్తున్నాను.

విషయం తేల్చింది వారం రోజుల పని చిట్టా. ప్రతి పని పక్కన పట్టిన గంటలు, ఎవరైనా దాన్ని చూసి తప్పొప్పులు చెప్పారా లేదా రాయాలి. తప్పొప్పులు చెప్పే దిక్కు లేకుండా, చిట్టా నిండా డేటా ఎంట్రీ, ఫైళ్లు సర్దడమే ఉంటే అది శిక్షణ కాదు, జీతం లేకుండా చేయించుకునే ఉద్యోగం.

మానేస్తున్నానని మెయిల్ పెట్టే ముందు వరస తప్పకూడదు. ఆఫర్ లెటర్లో నోటీసు గడువు, సర్టిఫికెట్ షరతు చూడాలి. ఇంటర్న్‌షిప్‌తో కోర్సు క్రెడిట్లు ముడిపడి ఉంటే కాలేజీ కోఆర్డినేటర్‌తో ముందే మాట్లాడాలి. పోర్ట్‌ఫోలియోలో, అంటే రేపు చూపించుకునే పని నమూనాల్లో, ఏవి పెట్టుకోవచ్చో ముందే వేరే మెయిల్లో అనుమతి తీసుకోవాలి, ఎందుకంటే మానేస్తున్నానని చెప్పిన రోజే లాగిన్ ఆపేసే చోట్లు ఉంటాయి. అలాగని కంపెనీ ఫైళ్లు సొంత డ్రైవ్‌లోకి కాపీ చేయొద్దు, గోప్యత ఒప్పందం మెడకు చుట్టుకుంటుంది.

మెయిల్‌కి నాలుగు వాక్యాలు చాలు: చివరి తేదీ, పని ఎవరికి అప్పగిస్తున్నారు, పనిచేసిన కాలానికి అనుభవ పత్రం కావాలని, కృతజ్ఞతలు. ఫిర్యాదులు అందులో వద్దు, రేపు రిఫరెన్స్ ఇవ్వాల్సింది ఆ మేనేజరే. "ఇంకో నెల ఉండు, స్టైపెండ్ చూద్దాం" అంటే ఎంత, ఎప్పటినుంచి అన్నది రాసివ్వమని అడగండి.

అనుభవ పత్రంలో మొదలైన, ముగిసిన తేదీలు, చేసిన పని ఉన్నాయో లేదో ఐడీ కార్డు తిరిగిచ్చే ముందే చూసుకోండి.